సాగిన ఎలాస్టిక్

మా పిన్ని బట్టలు కుడుతుంది. లాగుకి ఎలాస్టిక్ వేసేముందు దాన్ని సాగదీసి వదులుతుంది. ముడుచుకోకపోతే చెత్తబుట్టలో పడేస్తుంది.

నలభై దాటకుండానే ఆమె మెడా చేతులూ పసుపుపచ్చ పొక్కులతో నిండి, చర్మం వేలాడటం మొదలుపెట్టింది. అంటురోగమని ఎవరు పుట్టించారో, వాళ్ల నోరు పడిపోను! ఇక కొలతలు ఇవ్వడానికి ఎవరూ ఆమె ముందు నిలబడలేదు. కొలతకు ఆదిగా పాత చొక్కా తెచ్చి, గుమ్మం పక్క బల్లమీద పడేసి పోయేవారు. టేపు మెడలో ఊరికే వేలాడేది.

చివరికి నేనే పెద్దాసుపత్రికి లాక్కెళ్లాను. డాక్టరమ్మ తొడుగులు లేకుండా, ఉత్తచేత్తో పిన్ని మోచేతి దగ్గర చర్మం పట్టి లాగి వదిలింది. అది అలాగే ఉండిపోయింది. చర్మం ముక్క తీసి చేసిన పరీక్ష కాగితం మరోసారి చూసింది.

“చర్మంలో సాగి ముడుచుకునే నారల మీద ఏదో ప్రొటీను పేరుకుపోయిందమ్మా. చాలా అరుదు. కానీ అంటుకోదు.”

“అంటే నా ఎలాస్టిక్ పోయిందన్నమాట,” అని పిన్ని నవ్వింది. తర్వాత రెండో చెయ్యి చాపింది. “ఇదీ చూడండి.”

“అక్కర్లేదమ్మా, జబ్బేమిటో తెలిసిపోయిందిగా.”

పిన్ని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.