ప్రభుదాసు డబ్బా

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా హయత్‌నగర్ వెళ్లే బస్సులో కండక్టర్ ప్రభుదాసు మోచేతికి నీళ్లు పోసిన డాల్డా డబ్బా ఒకటి వేలాడుతుంటుంది. ఎవరైనా బీడీ ముట్టిస్తే అతను తిట్టడు. డబ్బాను ఆ బీడీ కింద పట్టుకుని నిలబడతాడు. అది నీళ్లలో పడి చుయ్‌మనేదాకా టికెట్టూ ఇవ్వడు, బెల్లూ కొట్టడు. "పొగ సర్కారే బంద్ పెట్టొచ్చు గద, నీకేం పరేషాన్?" అని డ్రైవర్ కొమరయ్య నవ్వుతాడు. "సర్కారు పెట్టినప్పుడు పెట్టనీ. నా బస్సుల నేను పెట్టిన," అంటాడు ప్రభుదాసు.

ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్లెక్కిన ఈ అరవై తొమ్మిది వేసవిలో ఒక మధ్యాహ్నం గడ్డిఅన్నారం దగ్గర పదిమంది బస్సు ఆపి, నినాదాలు చేస్తూ ఎక్కారు. వాళ్ల నాయకుడి వేళ్ల మధ్య సిగరెట్ కాలుతోంది. ఎదురు సీట్లో సూర్యప్రభ ఒళ్లో ఏడాది పాప దగ్గుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా పాప పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. నోరు తెరిస్తే తన కోస్తా యాస బయటపడుతుందని ఆమె పెదవి కొరుక్కుంది. ప్రభుదాసు డబ్బా పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"ఏందన్నా, సర్కార్ ఆర్డరా? మేం సర్కారునే ఒప్పుకుంటలేం!"

"సర్కార్ది గాదు తమ్మీ, గా పిల్లది. దాని దమ్ము జర జూడు."

ఆ కుర్ర నాయకుడు పాపను చూశాడు. సిగరెట్ చుయ్‌మంది. వెనక్కి తిరిగి, "అరే, పొగ బంద్!" అని నినాదంలాగే అరిచాడు. "బంద్! బంద్!" అంటూ మిగతావాళ్లూ తమ బీడీలు తెచ్చి డబ్బాలో వేశారు.

"చల్లగా ఉండండి బాబూ," అంది సూర్యప్రభ, యాస సంగతి మరిచిపోయి.

"జర జరుగక్కా, కూసుంట," అన్నాడు నాయకుడు.

ప్రభుదాసు డబ్బాను తలపైకెత్తి అందరికీ చూపించి, రెండు బెల్లులు కొట్టాడు. "రైట్, రైట్!"