తాత చూశానన్న సుడి

నాకు తొమ్మిదేళ్లయినా నిండని ఆ చిన్నతనంలో, ఆత్మకూరు దగ్గరి మా పల్లెలో చర్చి బడికి ఒక కొత్త అయ్యవారు వచ్చారు. క్రిస్మస్ దగ్గరపడిన ఒక సాయంత్రం, ప్రార్థన అయిపోయాక ఆయన ఒక పుస్తకం తెరిచి, లాంతరు వెలుగులో మాకొక ఫొటో చూపించారు. నడుమ తెల్లని ముద్ద, దాని చుట్టూ సుడి తిరిగిన పాయలు. అది ఆండ్రోమెడా నీహారిక అనీ, కోట్లాది నక్షత్రాల గుంపనీ, అక్కడి వెలుగు మనదాకా రావడానికి లక్షల ఏళ్లు పడుతుందనీ చెప్పారు. తర్వాత లాంతరు ఆర్పి, అందరినీ బయటికి పిలుచుకుపోయి, నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఒక చోటు చూపించారు.

"సుడి కనపడ్తాండాది!" అన్నారెవరో.

"అవునప్పా, బాగా కనపడ్తాండాది," అని మా తాత గట్టిగా అన్నాడు. ఆయన సంఘానికి పెద్ద. ఆయన అన్నాక అందరూ అన్నారు. నాకు మాత్రం వేలితో పులిమిన సున్నం మరకలాంటిదేదో కనిపించింది. ఆ మాటే చెప్పాను. అందరూ నవ్వారు.

"ఇంతమందికి కనపడేది నీకు కనపడల్యా? కండ్లు యాడ పెట్టుకున్యావు?" అని తాత కసిరాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

పాపం, అయ్యవారికి ఎవరినీ నొప్పించాలని లేదు. "పాప చెప్పిందే నిజం. ఆ సుడి మామూలు కంటికి కనబడదు. పెద్ద దుర్బిణీకి ఫొటో పలక తగిలించి గంటల తరబడి ఉంచితేనే పడుతుంది," అన్నారు మెల్లగా.

తాత పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. నా మాట నెగ్గిందన్న సంతోషం నాకు రవంతైనా కలగలేదు. నా వల్ల ఆయన తల వంగిందని, ఇంటిదాకా ఆయన వెనకాలే ఏడుస్తూ నడిచాను.

ఆదివారం ఆరాధనలో తాత లేచి నిలబడ్డాడు. "ఆ పొద్దు నాకేం కనపడల్యా. ల్యాదంటే చిన్నతనమని అబద్ధమాడినా. నిజం చెప్పిన బిడ్డను తిట్టినా," అన్నాడు. చర్చిలో సగం మంది తలలు దించుకున్నారు. అంత పెద్దాయన అందరి ముందూ అట్లా నిలబడడం చూడలేక, నేను అమ్మ కొంగులో ముఖం దాచుకున్నాను.

ఆ సాయంత్రమే తాత నన్ను వాకిట్లోకి పిలిచి, "ఆ మరక యాడుండాదో చూపీమ్మా," అన్నాడు. చూపించాను. చాలాసేపు మెడ ఎత్తి చూశాడు.

"ల్యాదు తల్లీ. నాకు మరక కూడా కనపడల్యా," అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన ముఖంలో సిగ్గు ఉంది. సిగ్గుపడుతూనే నిజం చెప్పవచ్చని నాకు తెలిసింది ఆయన వల్లే. నలుగురూ అవునన్న చోట కాదనాల్సి వస్తే, ఈ వయసులోనూ నా గొంతు వణుకుతుంది. వణుకుతూనే చెబుతాను.