వంకర రెక్కల విల్లు

ఒక విల్లును బాగుచేయించబోయి ఒక బడి పరువునూ, ఒక పిల్ల చదువునూ, భద్రాచలంలో ఒక గిన్నెడు టీనీ ఒకేసారి ప్రమాదంలో పడేసిన ఘనుణ్ణి నేను. నవ్వదలుచుకుంటే ఇప్పుడే మొదలుపెట్టండి, నేనేమీ అనుకోను.

ఎనభైల మొదట్లో పినపాక వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిగా చేరాను. మాది ముదిగొండ దగ్గర వ్యవసాయ కుటుంబం. విల్లు గురించి నాకు తెలిసిందల్లా అందులోంచి బాణం బయటికి వస్తుందని. అయినా ఆటసామానుతో పాటు బడికి ఒక మూడు ముక్కల విల్లు వచ్చేసరికి దానికి సర్వాధికారిని నేనే అయ్యాను. నడుమ చెక్క పిడి, పైనొక రెక్క, కిందొక రెక్క. మరలతో బిగించాలి, పనయ్యాక తాడు తీసి, మరలు విప్పి, సంచిలో పెట్టాలి. నేను వేసవి సెలవులకు ఊరెళ్తూ ఏదీ విప్పలేదు. ఎక్కుపెట్టినదాన్ని ఎక్కుపెట్టినట్టే రేకుల గదిలో వదిలేసి తాళం వేశాను.

జూన్‌లో తలుపు తీస్తే పై రెక్క విరిగి వేలాడుతోంది. కింది రెక్క బాగానే ఉంది. అంటే, బాగానే ఉందని నేననుకున్నాను.

మరో పదిహేను రోజుల్లో భద్రాచలంలో విలువిద్య ఎంపికలు. మా బడి నుంచి పదో తరగతి ముత్తమ్మ వెళ్ళాలి. ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో ఉచితంగా చదువు. కాకపోతే చదువు మానిపించి మిరప తోటకు పంపుతానని వాళ్ళ నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు.

"విల్లు ఎట్లున్నదయ్యా?" అని హెడ్మాస్టరు గారు అడిగారు.

"బ్రహ్మాండంగ ఉన్నది సార్. జర సర్వీసింగ్ చేపియ్యాలె, అంతే."

అడవి అంచు గూడెంలో సోమయ్య తాత వెదురు విల్లులు చేస్తాడని విని సైకిలెక్కాను. విరిగిన రెక్క చూపిస్తే నా నిర్వాకం బయటపడుతుందని, పిడినీ కింది రెక్కనూ మాత్రమే పట్టుకెళ్ళాను. తాత ఒక కన్ను మూసి రెక్కను చాలాసేపు చూశాడు.

"దీని జోడు ఏది సారూ?"

"దాంతోని పన్లేదు తాతా. అచ్చం గిట్లనే రెండు గావాలె. వెంట్రుకంత తేడా రావద్దు."

"గీ మెలిక గూడనా?"

వేసవంతా తాడు లాగుడుకీ రేకుల వేడికీ అది మెలితిరిగిపోయిందన్న సంగతి నాకు తెలిసింది అప్పుడే. తెలియదని ఒప్పుకోవడానికి నాకు ఇరవై నాలుగేళ్ళ వయసు అడ్డొచ్చింది.

"మెలికలనే ఉన్నది తాతా అసలు పవరంతా! ఇంజనీర్లు లెక్కగట్టి చేసిండ్రు."

"అవ్ మల్ల, ఇంజనీర్లంటే మాటలా," అన్నాడు తాత. ఆ ముఖంలో ఏ భావమూ కనిపించలేదు. "ఎనిమిది రోజులకు రాండ్రి."

ఎనిమిదో రోజున వెళితే రెండు రెక్కలూ నిగనిగలాడుతున్నాయి. మెలికతో సహా నమూనాకు కవల పిల్లల్లా ఉన్నాయి. ఆనందం పట్టలేక తాత చేతులు ఊపేసి వచ్చాను.

మర్నాడు బడి వెనక గడ్డి కూరిన బస్తా నిలబెట్టి విల్లు ముత్తమ్మకిచ్చాను. మొదటి బాణం బస్తాకు మూరెడు ఎడమగా పోయింది. రెండోదీ అక్కడికే పోయింది. మూడోదీ, సిటీబస్సు స్టాపులో ఆగినట్టు, అదే చోట ఆగింది. ముత్తమ్మ విల్లు తిప్పి చూసింది.

"సార్, గిది వంకరున్నది."

మళ్ళీ చేయించడానికి వ్యవధి లేదు. నిజం చెప్పడానికి ధైర్యం లేదు.

"వంకర గాదమ్మా, కొత్త టెక్నిక్. గురి కొంచెం కుడికి వెట్టాలె."

ఆ పిల్ల నా వంక ఒక్క క్షణం చూసి, బస్తా మీదినుంచి చూపు కుడికి జరిపి, మూత్రశాల తలుపు గొళ్ళేనికి గురిపెట్టింది. బాణం బస్తా నడుమ దిగింది. మిగిలిన అయిదు రోజులూ మా విలువిద్య అంతా ఆ గొళ్ళెం మీదే నడిచింది.

భద్రాచలం మైదానంలో ఒక జడ్జి గారు మా విల్లు చూసి నొచ్చుకున్నారు. "పాపం, పిల్లకు ఇట్లాంటిది ఇచ్చారేమిటండీ?" అని జాలిపడి, తళతళలాడే కొత్త విల్లు తెప్పించి ముత్తమ్మ చేతిలో పెట్టారు. వద్దనే లోపలే పిలుపు వచ్చేసింది.

కొత్త విల్లుకు ఏ వంకరా లేదు. అలవాటు మాత్రం ముత్తమ్మ చేతికి ఉండిపోయింది. మొదటి బాణం మూరెడు కుడికి పోయింది. రెండోది ఇంకాస్త కుడికి పోయి, జడ్జీల కోసం టీ మరుగుతున్న పొయ్యి పక్కన దిగింది. టీ కాసేవాడు గరిటెతో సహా పరుగెత్తాడు.

నాకు మిరప తోట కళ్ళ ముందు కనిపించింది. పరుగున వెళ్ళి ఆ పిల్ల ముందు నిలబడ్డాను.

"ముత్తమ్మా, నేను అబద్ధం చెప్పిన. టెక్నిక్ లేదు, ఏం లేదు. నా తెలివితక్కువతోని రెక్కలు వంకరగ చేపిచ్చిన."

"నాకెరుకే సార్. మీరు చిన్నబోతరని అనలే." చేతిలోని విల్లు జడ్జి గారికి తిరిగిచ్చింది. "నా విల్లు నాకియ్యుండ్రి. చెయ్యి దానికే అలవాటైంది."

జడ్జి గారు టీ గిన్నెను దూరంగా పెట్టించి ఒప్పుకున్నారు. మిగిలిన నాలుగు బాణాలకూ ముత్తమ్మ పక్కనున్న కరెంటు స్తంభాన్ని చూసింది. నాలుగూ గురి నడిబొడ్డున, ఒకదాన్నొకటి రాసుకుంటూ దిగాయి. జాబితాలో చివరి పేరు ఆమెది. నేను అక్కడే, అందరూ చూస్తుండగా, ఏడ్చాను. చెమటని చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. వేరే బడుల డ్రిల్లు మాస్టార్లు నన్ను చుట్టుముట్టారు. పెనుబల్లి నుంచి వచ్చినాయన మా విల్లు రెక్కలు తడుముతూ, "ఈ మెలిక ఎక్కడ పెట్టించారు గురువు గారూ?" అన్నాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆయన పక్కవాళ్ళకేసి తిరిగి, "చూశారా, ఎంత గుట్టుగా ఉన్నాడో!" అన్నాడు.

నెల తిరక్కుండానే సోమయ్య తాత నన్ను గూడేనికి పిలిపించాడు. ఇంటి ముందు వెదురు బద్దలు గుట్టగా పడి ఉన్నాయి.

"సారూ, అయిదుగురు సార్లు వచ్చి పోయిండ్రు. అందరికీ వంకర రెక్కలే గావాలెనంట. తిన్నంగ చేస్తనంటె ఒక్కళ్ళూ ఇంటలేరు. మీ ఇంజనీర్లనడిగి ఒక మాట చెప్పుండ్రి, వంకర ఎంతదాక వెట్టాలె?"

తెలియని పని గురించి, తెలిసినవాళ్ళ ముందు, ఈ జన్మలో మళ్ళీ నోరు విప్పనని గోదావరిలో మూడు మునకలు వేసి ప్రమాణం చేశాను. నాటినుంచి నేటివరకు ఆ ప్రమాణాన్ని అక్షరాలా నిలబెట్టుకున్నాను. సాక్ష్యం చెప్పమంటే మా ఆవిడ మాత్రం వంటింట్లో పనుందని వెళ్ళిపోతుంది.