అక్క ఎడమ కన్ను

మా అక్కను మొదట కాదన్నది ఒక యంత్రం. తప్పంతా దాని మీదికి తోసేద్దామని నేనూ కొన్నాళ్ళు చూశాను గానీ, పాపం దానికి అబద్ధం చెప్పడం రాదు. ఆ విద్య మా ఇంట్లోవాళ్ళది.

అక్క ఇరవై రెండేళ్ళుగా ఒక రక్తపరీక్షల ల్యాబులో ముందు బల్ల దగ్గర కూర్చుంటోంది. వచ్చినవాళ్ళ పేరూ వయసూ అడిగి, సీసాలకు చీటీలు అంటించి లోపలికి పంపడం ఆమె పని. పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చి కస్సుబుస్సులాడేవాళ్ళను కూడా నవ్వించి కూర్చోబెడుతుంది. ఈ ఏడు యాజమాన్యంవాళ్ళు సంతకాల పుస్తకం తీసేసి, ముఖం చూసి హాజరు వేసుకునే యంత్రాన్ని గోడకు బిగించారు. తలా ఒక ఫొటో ఇమ్మన్నారు. అక్క ఆరేళ్ళ కిందట బావ తీసిన ఫొటో ఇచ్చింది. కళ్ళజోడు తీసి నిలబడితే యంత్రం ‘ముఖం సరిపోలలేదు’ అంది. మళ్ళీ నిలబడింది. మళ్ళీ అదే మాట.

వెనక వరుసలో ఉన్న కుర్రపిల్ల ఒకతి, "ఆంటీ, పొరపాటున మీ అమ్మాయి ఫొటో ఇచ్చారేమో చూసుకోండి" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్విందట. ఇంటికి రాగానే నాకు ఫోన్ చేసింది.

"ఆరేళ్ళలో అంత ముసల్దాన్నయిపోయానటే?"

"యంత్రానికి బుద్ధి లేదులే అక్కా" అని కొట్టిపారేశాను.

కానీ ఆ మాట అక్క మనసులో ముల్లులా ఉండిపోయింది. బావకు ఫొటో స్టూడియో ఉంది. వాళ్ళ ముందుగదిలో పెళ్ళినాటి నుంచీ ఆయన తీసిన అక్క ఫొటోలు వరుసగా వేలాడుతుంటాయి. అన్నిట్లోనూ విచ్చిన కళ్ళు, కింద మచ్చయినా లేని చర్మం. పెళ్ళికి ముందటి ఫొటోలేవీ మిగల్లేదు గనక, తనను తాను చూసుకోవడానికి ఆమెకు అవే ఆధారం. పదిహేనో ఏటి నుంచీ దళసరి అద్దాల కళ్ళజోడు. పెట్టుకుంటే రెప్పలు దాని వెనక దాక్కుంటాయి, తీస్తే అద్దంలో మసక తప్ప ఏమీ కనపడదు. ఫొటో తీసేటప్పుడు బావ మాత్రం, అద్దాల మీద వెలుతురు కొడుతుందని, కళ్ళజోడు తీయించేవాడు.

రెండు నెలలు ఆలోచించి, రెప్పలకూ కళ్ళ కింద సంచులకూ ఆపరేషన్ చేయించుకుంటానంది. యాభై రెండేళ్ళకు ఇదేం సోకు అని ఎవరైనా అంటారేమోనని ముందు బావనే అడిగింది. ఆయన, "నాకు నువ్వెలా ఉన్నా బాగుంటావు. నీకు చేయించుకోవాలనుంటే చేయించుకో" అన్నాడట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు అక్క గొంతులో ఎంత గర్వమో. అలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడే అని నన్నే దెప్పింది.

డాక్టరమ్మ పాత ఫొటోలు తెమ్మంది. రెప్ప అప్పుడెక్కడ ఉండేదో చూసి, అక్కడిదాకా లేపుతుందట. అక్క గోడ మీది నాలుగు ఫొటోలు చీరకొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. తోడు నేను వెళ్ళాను.

డాక్టరమ్మ అక్క నుదురు వేలితో నొక్కిపట్టి, పైకి చూడమంది, కిందికి చూడమంది. తర్వాత ఫొటోలు బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది.

"ఎడమ రెప్ప వాలింది వయసు వల్ల కాదమ్మా. అది పుట్టుకతోనే అంత. కుడిది మాత్రం వయసుతో వాలింది. కానీ వీటిలో రెండూ సమానంగా ఉన్నాయే. ఈ ఫొటోలు ఎవరు తీశారు?"

"మా ఆయన."

"బాగా దిద్దారు" అంది డాక్టరమ్మ. పాపం, మెచ్చుకోలుగానే అంది.

అక్క గతుక్కుమంది. నాలుగు ఫొటోలూ ఒక్కొక్కటిగా కళ్ళజోడుకు ఆనించుకుని చూసింది. ఆపరేషన్ తేదీ రాయబోతున్న డాక్టరమ్మను ఆగమని, అటునుంచటే స్టూడియోకు నడిచింది. వెనకే నేను. బావ ఎవరిదో పాస్‌పోర్టు ఫొటో కత్తిరిస్తున్నాడు.

"ఎప్పటి నుంచి?" అంది అక్క, ఫొటోలు ఆయన ముందు పెట్టి.

బావ కత్తెర పక్కన పెట్టాడు. పెళ్ళి ఫొటోల నుంచే అన్నాడు. "ఇక్కడికొచ్చే అందరికీ చేస్తానుగా. నీకు చెయ్యకుండా ఎలా ఉంటాను?"

"వాళ్ళు అడిగితే చేస్తావు. నేనడిగానా?"

"నువ్వు సంతోషపడతావని..."

"దిద్దనివి ఏవి? అసలువి చూపించు."

లేవు. నెగెటివ్‌ల కాలంలో నెగెటివ్‌నే సన్న బ్లేడుతో గీకి పెన్సిల్‌తో దిద్దాడు. కంప్యూటర్ వచ్చాక దిద్దినదాన్నే దాచి మిగతావి చెరిపేశాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళ నెగెటివ్‌లు పెట్టెల నిండా ఉన్నాయి. ఇరవై ఏడేళ్ళలో అక్క ముఖం ఒక్కటీ లేదు.

"అవెందుకులే దాచడం అనుకున్నాను" అన్నాడు బావ. అక్క పక్కనున్న స్టూలు లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"నాకు నువ్వెలా ఉన్నా బాగుంటావన్నావు. పెళ్ళి రోజు నుంచీ ఒక్క రోజైనా ఉన్నదున్నట్టు ఉంచావా?"

ఆయన నాలుగు ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "ఆపరేషన్ మానేస్తావా?" అని అడిగాడు.

"ఏ ముఖం తిరిగి తెమ్మని ఆవిడకు చెప్పాలి? నువ్వు గీసిందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషివేనా బావా అని నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాను. అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నీకు తెలుసా?"

తెలుసు. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో నేను స్టూడియోకు వస్తే, బావ అక్క నెగెటివ్ ముందు పెన్సిల్ పట్టుకుని ఉన్నాడు. అక్కకు కన్ను తెరిపించావు, నాకు ముక్కు సన్నం చెయ్యవా బావా అని ఆట పట్టించాను. చేశాడు కూడా. ఆ ఫొటోనే నా పెళ్ళిసంబంధాలకు పంపారు.

ఇదంతా అక్కతో చెప్పాను. చెప్పక చేసేదేముంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"నువ్వు సంతోషంగా ఉన్నావని..." అన్నాను. బావ అన్న మాటే నా నోటా వచ్చింది.

అక్క కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "అప్పుడెలా ఉండేదాన్నే? నాకు పాతికేళ్ళప్పుడు."

"ఎడమ కన్ను కొంచెం వాలి ఉండేది. ఎదుటివాళ్ళు చెప్పేది శ్రద్ధగా వింటున్నట్టు ఉండేది. బాగుండేదానివి అక్కా."

నేను ఆమెకు చెప్పిన నిజాల్లో అంత నిజం ఇంకోటి లేదు. అక్క ఒళ్ళోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"నిజమేనేమో" అంది. "నీ మాట ఇంక ఎలా నమ్మేదే?"

ల్యాబుకు టైమవుతోందని లేచింది. బావ షట్టరు దించి వెంట వస్తానన్నాడు, నేనూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. ఇద్దరినీ రావద్దని చెప్పి, ఒక్కతే వెళ్ళింది.