ఊటకు పైన రోడ్డు

డుంబ్రిగుడ దాటాక, ఘాట్ రోడ్డు మలుపు కింద సోములమ్మ వాళ్ల గూడెం. అందరికీ తాగునీరు ఒక్క ఊటే. కోడలిగా వచ్చిన నాటినుంచీ దాంట్లో ఆకులు ఏరేది, చుట్టూ రాళ్లు సర్దేది ఆమే. రోడ్డు వెడల్పు చేశాక వానంటేనే ఆమెకు గుబులు. రోడ్డు మీది నీరంతా పక్క కాలువలో పడి నేరుగా ఊటలోకి దిగేది. కిందటేడు తొలివానకు ఆ బురదనీళ్లు తాగి కూతురు భవాని వాంతులతో మంచం పట్టింది. పిల్ల దక్కుతుందనుకోలేదు.

ఈ ఆషాఢంలో ఒక మధ్యాహ్నం మలుపులో లారీ బోల్తా పడింది. డ్రైవరు బతికిపోయాడు గాని, ట్యాంకు పగిలి డీజిల్ కాలువలోకి కారసాగింది. చూస్తుండగానే కొండ మీద మబ్బు కమ్మింది.

సోములమ్మ పలుగు పట్టుకుని పరుగెత్తింది. ఊటకు పైన కాలువకు అడ్డంగా మట్టీ రాళ్లూ వేసి, పక్క గట్టు తవ్వడం మొదలుపెట్టింది. గట్టుకు అవతల ఉన్నది వాళ్లు తిండికి వేసుకున్న చోడి, అదే రాగి చేనే.

భర్త సుక్రు రొప్పుతూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి సేత్తన్నావు? నీళ్లు మన సేన్లోకే వత్తాయి!"

"అటు పక్క బండ. తవ్వడానికి ఇదొక్కటే సోటు."

"సోడి పోతే ఏటి తింటాం?"

"కూలికెళ్లి తిందుము. ఊట సెడితే గూడెమంతా ఏటి తాగుతాది? భవాని ఎలాగైపోనాదో మరిసిపోనావా?"

ఇంతలో చినుకు పడింది. సుక్రు ఆమె చెయ్యి వదిలేసి, పెద్ద రాయొకటి దొర్లించుకొచ్చాడు.

వాన విరుచుకుపడింది. నల్లటి నీళ్లు నురగలు కక్కుతూ వచ్చి అడ్డుకట్టను తోశాయి. ఒక మూల జారింది. సుక్రు ఆ సందులో కూర్చుని వీపు ఆనించాడు.

"బేగి తవ్వే! ఇంక ఆగదు!"

ఆమె రెండు చేతులా పలుగు దింపింది. గట్టు తెగింది. నీరు ఒక్కసారిగా చేనులోకి దూకింది.

వాన వెలిశాక సోములమ్మ ఊటలో దోసిలి ముంచి వాసన చూసింది. ఏ వాసనా లేదు.

నిలిచిన డీజిల్ నీటికి చేను దిగువ సగం మాడిపోయింది. ఆ చలికాలం ఇద్దరూ కాఫీ పళ్ల కూలికి వెళ్లారు. తర్వాత రోడ్డు వాళ్లు వచ్చి, మలుపు దగ్గర రోడ్డు నీటిలోని మడ్డి అడుక్కి దిగడానికి గుంట తవ్వారు. ఆ గుంట పొంగి వచ్చే నీరు ఊట వైపు పోకుండా, మాడిన చేలోంచి దానికి దారి వదిలి, ఆ దారి పొడవునా సోములమ్మ మట్టిని పట్టి ఉంచే కొండచీపురు నాటింది.