మైలేజీ గొట్టం

మా అక్క మొగుడు ఇరవై ఏళ్లుగా అనకాపల్లి నుంచి అచ్యుతాపురం కంపెనీలకు ఉద్యోగులను కారులో దింపుతున్నాడు. ఆ సీటు మీదే నడుం పోయింది. ఇక బండి తోలొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. సరిగ్గా అప్పుడే ఎవడో ఆయనకు ఒక గొట్టం అంటగట్టాడు. లోపల ఏవో లోహపు గుళికలు ఉంటాయట, వాటిని తాకుతూ డీజిల్ ఇంజన్‌లోకి వెళితే మైలేజీ పెరుగుతుందట.

బిగించిన వారమే పెరిగింది. నేను బైకుల మెకానిక్‌ని, నమ్మలేదు, బాగా వెటకారం చేశాను. స్టాండులో డ్రైవర్లు మాత్రం మాకూ తెప్పించమని బావ వెంటపడ్డారు. ఆ గొట్టాల ఏజెన్సీ తీసుకుంటే షాపులో కూర్చుని అమ్ముకోవచ్చు, స్టీరింగు పట్టే పని తప్పుతుంది. అక్క అప్పుడే మొక్కు కూడా మొక్కేసింది.

ఇంకొకడైతే ఆ రోజే బోర్డు రాయించేవాడు. బావ నా షాపుకొచ్చాడు.

"బామ్మర్దీ, నువ్వు నమ్మవు గదా, నువ్వే సూడు. ఓ వారం గొట్టంలో గుళికలుంచు. ఓ వారం అయి తీసేసి సైకిల్ బేరింగు గుళ్లు ఎయ్యి. ఏది ఏసేవో నాకు సెప్పకు."

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి ఈ ఉపాయం ఎలా తట్టిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. రెండు నెలలు ఒకే రోడ్డు, ఒకే బంకు. పట్టిన డీజిల్ ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు, ఏ వారం ఏది వేశానో నేను నా పుస్తకంలో రాశాను. ఆయన పుస్తకంలోకి తొంగిచూసిన నాకు నెలకే అర్థమైంది. బేరింగు గుళ్లతోనూ మైలేజీ అంతే వస్తోంది. గొట్టం పెట్టానన్న ధ్యాసలో ఆయనే యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతున్నాడు. కాస్త ఎక్కువొచ్చిన వారాలు గుళికలవేనని నా పుస్తకంలో తారుమారు చేస్తే గొట్టం పనిచేసినట్టే కనబడుతుంది, ఆయన నడుం గట్టెక్కుతుంది. ఒక సాయంత్రం పెన్ను కూడా తీశాను. సిగ్గేసి జేబులో పెట్టేశాను.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్న రోజు బావ ఒక్కో వారం వేలు పెట్టి సరిచూసుకున్నాడు.

"నీకు ముందే తెలుసేటి?"

"తెలుసు బావా. నీ నడుం గుర్తొచ్చి నోరు రాలేదు."

"నా నడుం కోసం స్టాండులో ఆళ్ల సేత ఇది కొనిపిత్తానేటి?"

మర్నాడు పొద్దున్నే స్టాండులో అందరినీ పిలిచాడు. "ఇది పని సెయ్యదు. నేను మెల్లగా తోలేను, అంతే. మీరూ మెల్లగా తోలండి, ఏ గొట్టమూ అక్కర్లేదు."

ఏజెన్సీ దొరకలేదేమోలే అని ఒకడు నవ్వాడు. వాణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఫస్టు షిఫ్టు వాళ్లు అప్పటికే కారెక్కేశారు. బావ ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చెయ్యి నడుం మీద వేసుకుని, మెల్లగా డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.