గాలి ఎటు పోతోంది

పిరికివాళ్లకి ఎక్కడైనా పోటీ పెడితే మా చెల్లెలు గెలవదు, పోటీకి వెళ్లడానికే భయపడుతుంది కాబట్టి. ఆమె అన్న చిన్నప్పటినుంచీ అంటూ వచ్చిన మాట ఇది. బల్లి కనిపిస్తే మంచమెక్కేది. ఉరిమితే చెవులు మూసుకునేది. కరెంటు స్విచ్చిని బట్టలు కొలిచే చెక్క స్కేలుతో నొక్కేది, ఇప్పటికీ అలాగే నొక్కుతుంది. అందుకే పిరికిపిల్ల అని పేరు పెట్టాడు. జుట్టు నెరిసి, వీధి వీధంతా టైలరమ్మా అని మర్యాదగా పిలిచే రోజులొచ్చినా ఇంట్లో మాత్రం ఆ పేరు పోలేదు.

ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ముందుగదిలో ఆమె కుట్టుమిషను, వెనకగదిలో అన్న మంచం. అన్న ఒకప్పుడు ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. ఆ పనికోసం కంప్యూటరు పెట్టెని తనే ఒక్కో భాగం ఏరి తెచ్చి బిగించుకున్నాడు. తర్వాత నరాల జబ్బొచ్చింది. ముందు చేతులు పోయాయి, తర్వాత కాళ్లు, చివరికి గొంతు. కళ్లు మాత్రం మిగిలాయి. గొంతు పూర్తిగా పోకముందే ఆ పెట్టెకి ఒక కెమెరా పెట్టించుకున్నాడు. తెరమీది ఏ అక్షరంమీద చూపు నిలిపితే ఆ అక్షరం పడుతుంది. మాటయ్యాక స్పీకరు దాన్ని పైకి చదువుతుంది. తెర మూలకి చూస్తే గంట మోగుతుంది. ఆ పెట్టె నడిచినంతసేపు ఆయన నలుగురిలో మనిషి. అది ఆగితే కళ్లు ఆర్పడమొక్కటే మిగులుతుంది. ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లు ఆర్పితే కాదు.

ఎండలు ముదిరాక ఆ పెట్టె ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలైంది. ముట్టుకుంటే పొయ్యిమీంచి దించిన గిన్నెలా కాలుతోంది. కాసేపు చల్లారనిస్తే మళ్లీ నడిచేది. కారణమేమిటో అన్న పడుకున్నచోటునుంచే పట్టేశాడు.

"నీ గదిలోంచి బట్టల నూగు ఎగిరొస్తోంది. లోపల ఫ్యాన్లకి పట్టేసుంటుంది. తలుపేసుకుని కుట్టుకో," అంది స్పీకరు.

గంట వినపడాలని ఏళ్లతరబడి తీసే ఉంచిన తలుపది. అన్న చెప్పాడు కదా అని వేసింది.

ఆ మధ్యాహ్నం బడిపిల్లల చొక్కాలకి కాలర్లు కుడుతూ కూర్చుంది. గంట మోగలేదు, నిద్రపోతున్నాడనుకుంది. పని తెమిలాక తలుపు తీస్తే తెర నల్లగా ఉంది. అన్న చెంపమీద చీమలబారు. పెదవి చివర ఆరిన పాలచుక్కకోసం వచ్చిన చీమలు చెవిలోకీ, కనురెప్పలమీదికీ పాకుతున్నాయి. ఆయన కళ్లు ఆర్పి ఆర్పి ఎర్రబడిపోయాయి. ఎంతసేపట్నుంచో ఆమెకి తెలీదు. చెంగుతో దులుపుతూ పెట్టిన కేకకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు.

పెట్టె చల్లారి మళ్లీ నడిచాక అన్న పలికిన మొదటి మాట, "చీమలేగా. పులులు కాదుగా."

ఆమెకి నవ్వు రాలేదు. ఆ రోజునుంచి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. కుట్టుమిషనుమీద ముసుగు కప్పేసి మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ముందుగదిలో బట్టల మూటలు పేరుకుపోయాయి. బాగుచేసే షాపుకి వెళ్లి అడిగితే, పెట్టె తెచ్చి రెండ్రోజులు వదిలి వెళ్లమన్నాడు షాపతను.

"రెండ్రోజులు నోరు కట్టుకుని కూర్చోమంటే నువ్వు కూర్చుంటావా నాయనా?" అని గట్టిగానే అడిగి, అన్న చెప్పిన కొలత ఫ్యాను ఒకటి కొనుక్కుని వచ్చేసింది.

"వెనక ఫ్యాను చప్పుడే లేదు, చచ్చిపోయింది. నువ్వే మార్చాలి," అన్నాడు అన్న.

"నేనా? కరెంటు పెట్టెనా? నావల్ల కాదన్నయ్యా, గుండాగి చస్తాను."

"ప్లగ్గు పీకేశాక కరెంటెక్కడిదే?"

నిజానికి ఆమె భయం కరెంటు గురించి కాదు. తన చేతుల్తో విప్పిన పెట్టె మళ్లీ నడవకపోతే? అన్న గొంతు తనే నులిమినట్టవుతుంది. ఆ మాట పైకి అనడానికి కూడా భయపడింది.

విప్పాలంటే పెట్టె ఆపాలి, ఆపితే చెప్పే నోరుండదు. అందుకని చెప్పాల్సిందంతా ముందే చెప్పాడు, ఆమె ఎక్కాల్లా వల్లెవేసింది. పక్కరేకు విప్పాలి. రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపాలి. ముందు ఫ్యాను చల్లగాలిని లోపలికి లాగుతుంది, వెనకది వేడిగాలిని బయటికి తోస్తుంది. స్టిక్కరున్న వైపునుంచే గాలి వెళ్తుంది కాబట్టి కొత్త ఫ్యాను స్టిక్కరు బయటికి ఉండాలి.

"ఇక పీకు. నేనెక్కడికీ పోను," అన్నాడు అన్న.

ప్లగ్గు పీకింది. తెర నల్లబడింది. పక్కరేకు ఊడదీసి లోపలికి చూసిన మనిషి అలాగే కూలబడింది. ముందు జాలీకీ, రెక్కలకీ బూడిదరంగు నూగు దళసరిగా పేరుకుని ఉంది. మధ్యలో నీలిపోగులు, పోయినేడు కుట్టిన యూనిఫారాలవి. ఎర్రపోగులు ఎదురింటి పాప గౌనువి. ఇన్నేళ్లు ఏ పని చేసి అన్నకి ఇంత ముద్ద పెట్టిందో ఆ పనే ఆయన గొంతుకి అడ్డం పడింది. ఏడుస్తూనే ఊడబెరికింది, ఏడుస్తూనే దులిపింది. పాత ఫ్యాను తీసి కొత్తది బిగించింది. మళ్లీ నూగు పోకుండా పాత దోమతెర ముక్కని ఒంటిపొరగా ముందు జాలీకి కట్టింది.

స్కేలుతో స్విచ్చి నొక్కితే పెట్టె నడిచింది. "భేష్," అంది స్పీకరు. ఆమె దణ్ణం పెట్టుకుంది.

ఎండ నడినెత్తికెక్కేసరికి తెర మళ్లీ నల్లబడింది. స్విచ్చి నొక్కితే వెలిగీ వెలగకముందే ఆరిపోయింది. ఇంకోసారి నొక్కితే ఆపాటి వెలుగు కూడా రాలేదు.

"చంపేశాను అన్నయ్యా! పెట్టెని చంపేశాను!"

రెండుసార్లు కళ్లు ఆర్పాడు. కాదు.

"మరి నేనేదైనా తప్పు చేశానా?"

ఒకసారి. అవును.

"వైరు సరిగ్గా పెట్టలేదా? దోమతెర అడ్డమా?"

కాదు, కాదు. ఇంకేం అడగాలో ఆమెకి తోచలేదు. చెప్పాలని ఆయనకుంది, వినాలని ఈమెకుంది, మధ్యలో నోరు లేదు. ఇప్పుడు చీమలొస్తే, దగ్గొస్తే, రేపు నేను పోతే ఈయన ఎవర్ని పిలుస్తాడు అనుకుంది. అన్న చూపు గోడ వైపు పోయింది. మళ్లీ ఆమె మీదికొచ్చింది. మళ్లీ గోడకే పోయింది. అక్కడ కొక్కేనికి ఆమె కుట్టిన చొక్కా వేలాడుతోంది.

"ఉక్కపోస్తోందా? చొక్కా మార్చనా?"

కాదు. చొక్కా తీసి ఆయన ముందుకి తెచ్చింది. "ఇందులోనే ఉందా?" అవును. "జేబా? గుండీలా? కాలరా?" కాలరు దగ్గర గట్టిగా ఒకసారి ఆర్పాడు. మడత విప్పి చూస్తే లోపల, మెడ దగ్గర, ఆమె షాపు లేబులు.

ముప్పై ఏళ్లుగా ఆ చేతులు లేబుల్ని లోపలికే పెడుతున్నాయి. భయంలో ఎక్కం మర్చిపోయి, చేతులు తమకి తెలిసిన పని చేసేశాయి. స్టిక్కరు లోపలికి పెట్టి బిగించింది. రెండు ఫ్యాన్లూ లోపలికే ఊదుకుంటుంటే వేడి పోయే దారేదీ? పెట్టె వెనకవైపు మంచంమీంచి కనపడదు. కానీ చెల్లెలి చేతులు ఆయనకి తెలుసు.

"నా చేతులు విరగా!" అని తిట్టుకుంటూ ప్లగ్గు పీకి, ఫ్యాను విప్పి తిప్పి బిగించింది. ఈసారి ఎక్కాన్ని నమ్మలేదు, చేతుల్నీ నమ్మలేదు. పెట్టె చల్లబడేదాకా కాచుకుని, వెనక జాలీకి ఒక ఎర్రదారం పోగు ముడేసి, అప్పుడు స్విచ్చి నొక్కింది. దారం ఒకసారి వణికి, లేచి, ఆమె మొహం వైపు ఎగిరింది. గాలి బయటికి వస్తోంది. వేడివేడిగా వస్తోంది.

ఎండ వాలేదాకా ఆ దారాన్నే చూస్తూ కూర్చుంది. తెర ఆరలేదు. అప్పుడు అన్న చాలాసేపు ఒక్కో అక్షరం ఏరుకున్నాడు.

"చీమలప్పుడు నాకు చచ్చేంత భయమేసింది. చెబితే నువ్వు కుట్టు మానేసి ఇక్కడే కూర్చుంటావని చెప్పలేదు. ఎలాగూ కూర్చున్నావు."

స్పీకరు గొంతులో ఏ వణుకూ లేదు. వణుకంతా ఆమెకే వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక, అన్న తనకీ భయమేసిందని చెప్పగా వినడం అదే మొదలు. ఆయన చెంప తన చెంపకి ఆనించుకుని, "ఇక తలుపు వేయను అన్నయ్యా," అంది. "దోమతెర రోజూ దులుపుతా, అంతే."

మర్నాడు మిషనుమీద ముసుగు తీసింది. తలుపు బార్లా తీసి, ఎర్రదారం అన్నకీ తనకీ కనపడేలా పెట్టెని కాస్త పక్కకి తిప్పి, మిషను జరుపుకుంది. నాలుగు కుట్లేసి దారం వైపు చూసేది, మళ్లీ నాలుగు కుట్లు, మళ్లీ చూపు. దారం ఎగురుతూనే ఉంది. అయినా చూపు అటే పోతోంది.

వెనకగదిలో గంట మోగింది. కుట్టు ఆపి సగం లేచింది.

"సూది చూసి కుట్టవే పిరికిపిల్లా," అంది స్పీకరు. "దారాన్ని నేను చూస్తాలే."